హాలోవీన్ భయాలు: పిల్లలవి వేరు, మనవి వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

అక్టోబర్ సగం దాటిందంటే చాలు మా ఫోన్లలో ఒకటే ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది, అమెరికాలో హాలోవీన్ రోజు (అక్టోబర్ 31న పిల్లలు దయ్యాల్లాంటి వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లు అడిగే పండగ) ముక్కూమొహం తెలీనివాళ్ళు పిల్లలకిచ్చే చాక్లెట్లలో బ్లేడ్లు పెడుతున్నారట, విషం కలుపుతున్నారట, జాగ్రత్త అని. అది ఇక్కడి గ్రూపుల్లోంచి ఇండియాకి పోతుంది, అక్కడ పెద్దవాళ్ళు కంగారుపడి మళ్ళీ మాకే పంపిస్తారు, ఆ తర్వాత ఎక్కడో ఒక పేపర్లో చిన్న వార్తగా కూడా తేలుతుంది. అమెరికాలో ఉంటున్నా పొద్దున కాఫీతో పాటు ఫోన్లో మీ పేపర్ తిరగెయ్యడం నాకు అలవాటు, పైగా ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలతో ఏటా ఈ పండగ చేసుకునేదాన్ని, అందుకే ఈ ఉత్తరం. పొడుగవుతుందని ముందే చెప్తున్నా, కత్తిరించుకునే కత్తెర ఎలాగూ మీ చేతిలోనే ఉంది.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఆ రోజు పిల్లలు భయపడే దయ్యాలు ఉత్తుత్తివని కాస్త ఎదిగిన ఏ పిల్లకైనా తెలుసు. మనం భయపడేవి కూడా చాలావరకు ఉత్తుత్తివే, కాకపోతే ఆ సంగతి మనకి తెలీదు. నిజంగా భయపడాల్సినవి రోడ్డు మీద కార్లలో, గుమ్మంలో పెట్టిన కొవ్వొత్తిలో, నేల మీద ఈడ్చుకుపోయే గౌను అంచులో ఉంటాయి, వాటి గురించి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ముందు ఆ విషం సంగతి చూద్దాం. జోయెల్ బెస్ట్ అని డెలావేర్ యూనివర్సిటీ సోషియాలజీ ప్రొఫెసర్, 1958 నుంచి ఇలాంటి వార్తలు ఏవేవి వచ్చాయో అన్నీ తవ్వితీసి ఒక్కోటీ చివరికి ఏమైందా అని వెంటపడి చూశారు. ఇంటింటికీ వెళ్ళిన పిల్లకి పరాయివాళ్ళిచ్చిన చాక్లెట్ వల్ల ప్రాణం పోయిందనిగానీ, పెద్ద దెబ్బ తగిలిందనిగానీ రుజువైన కేసు ఆయనకి ఒక్కటీ దొరకలేదు. గుండుసూదులు దొరికాయన్నవి కొన్ని ఉన్నాయి, వాటిల్లో ఎక్కువభాగం ఇంట్లో పిల్లలో, వాళ్ళ ఫ్రెండ్సో చేసిన ఆకతాయి పనులని తేలింది. మరి ఇంత ప్రచారం ఎలా వచ్చిందంటే అందరూ చెప్పే కేసు ఒకటుంది, 1974లో టెక్సస్‌లో ఎనిమిదేళ్ళ పిల్లాడు హాలోవీన్ రాత్రి పుల్లటి పొడి నింపిన క్యాండీ గొట్టం నోట్లో ఒంపుకుని చనిపోయాడు, అందులో సయనైడ్ ఉంది. అది నిజమే. కానీ కలిపింది వీధిలో వాళ్ళెవరో కాదు, కన్నతండ్రి, పిల్లల పేరు మీద తీసిన ఇన్సూరెన్స్ డబ్బు కోసం. 1984లో అతనికి మరణశిక్ష అమలు చేశారు కూడా. కథలో ఆ సగం ఎగిరిపోయింది, పరాయివాడు విషం పెట్టాడన్న సగం మిగిలింది. దానికి తోడు 1982లో చికాగో చుట్టుపక్కల షాపుల్లో అమ్మే నొప్పి మాత్రల్లో ఎవరో సయనైడ్ కలిపితే ఏడుగురు పోయారు, ఇది జరిగింది సెప్టెంబర్ చివర, నెల తిరిగేసరికి హాలోవీన్, ఇంక జనం భయపడకుండా ఎలా ఉంటారు చెప్పండి.

ఈ పుకారు వల్ల ఒక నష్టం మాత్రం నిజంగా జరిగింది. అసలు ఈ పండక్కి కవర్లో చుట్టిన ఫ్యాక్టరీ చాక్లెట్టే ఇవ్వాలన్న రూలు పాతదేం కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ చక్కెరకి రేషన్ పెట్టి 1947 దాకా ఎత్తలేదు, ఆ రోజుల్లోనూ తర్వాత చాలాకాలమూ ఇంట్లో చేసిన బిస్కెట్లు, ఆపిల్స్, వేయించిన గింజలు, చిల్లర నాణేలు, ఇలా ఎవరికి తోచింది వాళ్ళిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో చేసింది ఏదైనా పిల్లల సంచిలో వేస్తే ఇంటికెళ్ళాక తల్లి దాన్ని తిన్నగా చెత్తబుట్టలో పడేస్తుంది, నేనైనా అదే చేస్తాను, ఎవరు చేశారో ఏ చేత్తో చేశారో తెలీదు కదా. చాక్లెట్లు చూడకుండా ఇచ్చెయ్యమని నేననడం లేదు, కవర్ చిరిగినవి తీసెయ్యండి, నాలుగేళ్ళ లోపు పిల్లలకి గట్టి గోళీ చాక్లెట్లు, గింజలు, నమిలేకొద్దీ సాగే క్యాండీలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి, విషం కంటే ఇది చాలా దగ్గరున్న ప్రమాదం.

ఇప్పుడు అసలు లెక్క. 2018లో ఇక్కడి పిల్లల వైద్య పత్రిక ఒకదాంట్లో ఒక పరిశోధన వచ్చింది. 1975 నుంచి 2016 వరకు, అంటే 42 ఏళ్ళ అమెరికా రోడ్డు ప్రమాదాల రికార్డులు తీసుకుని, హాలోవీన్ సాయంత్రాన్ని సరిగ్గా వారం ముందు సాయంత్రంతోనూ వారం తర్వాత సాయంత్రంతోనూ పోల్చారు. నడిచి వెళ్ళేవాళ్ళు కారు గుద్ది చనిపోయే ప్రమాదం ఆ సాయంత్రం 43 శాతం ఎక్కువ. నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలకైతే పదిరెట్లు. నా ఇద్దరూ ఆ వయసు వాళ్ళే, అది చదివిన రోజు నుంచి నాకు బ్లేడ్ల గురించి ఆలోచించే తీరిక లేదు.

కారణాలు వెతకడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. చీకటి పడే వేళ, నల్ల కాస్ట్యూములు, కళ్ళ దగ్గర రెండు బొక్కలు తప్ప ఏమీ కనపడని మాస్కులు, ఎదురింట్లో పెద్ద చాక్లెట్ బార్లు ఇస్తున్నారని తెలిసి పార్క్ చేసిన రెండు కార్ల మధ్యలోంచి రోడ్డుకి అడ్డంగా పరిగెత్తే పిల్లలు, ఆ టైముకే ఆఫీసుల నుంచి ఇంటికొచ్చే కార్లు. ఇక్కడ ఎండాకాలం కోసం ముందుకి జరిపిన గడియారాలు మళ్ళీ గంట వెనక్కి తిప్పే రోజుని 2007 నుంచి నవంబర్ మొదటి ఆదివారానికి జరిపారు కాబట్టి అక్టోబర్ 31 సాయంత్రం కాస్త వెలుగు మిగులుతోంది, అదొక్కటి మేలు. మాస్క్ బదులు మొహానికి రంగులు వేస్తే పిల్లకి పక్కకి చూపు ఆనుతుంది, కాస్ట్యూమ్ వెనకాలా సంచికీ వెలుగు పడితే మెరిసే టేపు నాలుగు ముక్కలు అంటిస్తే డ్రైవర్‌కి పిల్ల కనపడుతుంది, గౌను చీలమండ దాటకుండా మడిచి కుడితే తట్టుకుని పడదు. నల్ల కాస్ట్యూమే కావాలని మా పెద్దమ్మాయి పట్టుబడితే సరేనన్నాను, వీపు మీద మాత్రం మెరిసే టేపుతో ఎముకలు అంటించాం, అస్థిపంజరం అయింది, దానికీ సంతోషం నాకూ సంతోషం.

ఇదంతా ఇలా ఉంది కాబట్టి ఏడేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు ఈ పండగని ముప్పాతిక భాగం ఇంట్లోనే చేసుకోవాలని నా పట్టు. వెలుతురు ఉండగానే చెయ్యి పట్టుకుని పక్కిళ్ళ దాకా వెళ్ళి రావడం, తర్వాత తలుపు మూసుకుని మన దయ్యాల సంగతి మనం చూసుకోవడం.

అయితే ఇంట్లో చెయ్యడమంటే ఇంట్లో పిల్లల్ని హడలగొట్టడం కాదు. తలుపు చాటున నక్కి పిల్లాడు రాగానే మాస్క్ వేసుకుని మీద పడే తండ్రులు ఉంటారు, మేనమామలుంటారు, వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఫోన్లో వీడియో తీసి నవ్వుతారు. నాకిది ఒళ్ళుమంట. ఇది చదివి మా ఆయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడని తెలిసే రాస్తున్నా.

చిన్నపిల్లలకి మాస్క్ అంటే మనకున్న అర్థం ఉండదు. 1960ల చివర్లో రీటా డివ్రీస్ అనే సైకాలజిస్ట్ ఒక చక్కటి ప్రయోగం చేశారు. మేనార్డ్ అని ఒక నెమ్మదైన పిల్లి, మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలు దాన్ని ముందు నిమిరి ముద్దుచేస్తారు. తర్వాత పిల్లి ముందు భాగానికి అడ్డం పెట్టి, తోక పిల్లలకి కనపడుతూనే ఉండగా, దాని మొహానికి భయంకరమైన కుక్క మాస్క్ తొడిగి చూపించారు. ఇప్పుడిది ఏంటి అనడిగితే ఆరేళ్ళ పిల్లలు పిల్లే కదా, మొహానికి ఏదో తగిలించారు అన్నారు, మూడేళ్ళవాళ్ళలో చాలామంది కుక్క అయిపోయిందనుకున్నారు. మొహం మారితే మనిషే మారిపోయాడని ఆ వయసు లెక్క. అంటే మూడేళ్ళవాడి ముందు నాన్న దయ్యం మాస్క్ వేసుకుని ఊడిపడితే వాడికి అది నాన్న చేసిన జోక్ కాదు, నాన్న పోయి ఆ చోట్లో దయ్యం వచ్చింది. మాస్క్ తీసి చూపిస్తే ఏడుపు ఆగుతుంది కానీ ఆ రాత్రి నిద్రపోడు, మనల్నీ పోనివ్వడు.

అందుకని మా ఇంట్లో పద్ధతి తిరగేశాం. దయ్యాన్ని పిల్లాడే తయారుచెయ్యాలి. హాల్లోంచి బెడ్‌రూమ్‌కి వెళ్ళే గుమ్మానికి తెల్ల దుప్పటి కట్టి, లైట్లన్నీ ఆర్పి, దుప్పటి వెనకాల కింద ఒక టార్చ్ పెట్టాం. మా చిన్నోడిని వెనక్కి పంపించి చేతులు ఆడించమన్నాం. మేం ఇవతల కూచుని చూస్తున్నాం, ముందు బుల్లి వేళ్ళు కనపడ్డాయి, వాడికేదో తోచి చెయ్యి టార్చ్ దగ్గరికి తీసుకెళ్ళాడు, దుప్పటంతా పరుచుకుని గోళ్ళ దయ్యం లేచింది, మా అత్తయ్య నిజంగానే ఓరి నాయనో అన్నారు. అంతే. చెయ్యి దీపానికి దగ్గరగా పోతే నీడ పెరుగుతుంది, దుప్పటి వైపు జరిపితే చిన్నదవుతుంది, ఈ ముక్క వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు, నానమ్మ అరుపుని బట్టి వాడే కనుక్కున్నాడు. నానమ్మని ఎప్పుడు ఎంత భయపెట్టాలో వాడి చేతిలోకి వచ్చేసింది, ఆవిడ చాలురా అంటే తగ్గించేవాడు, ఊరుకుంటే మళ్ళీ పెంచేవాడు. చీకట్లో బాత్రూమ్‌కి ఒంటరిగా పోని పిల్లాడు ఆ చీకటి గదిలో ఒక్కడే బోలెడుసేపు కూచున్నాడు, బయటికి రమ్మంటే రాడే.

ఇంక గుమ్మడికాయ, లోపలంతా తొలిచి మొహం చెక్కి దీపం పెట్టేది. ఇది లేకపోతే హాలోవీన్ లేదు కదా, కానీ ఇది కూడా మొదట్నించీ గుమ్మడికాయ కాదు. ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో టర్నిప్ దుంపల్ని తొలిచి భయంకరమైన మొహాలు చెక్కి లోపల నిప్పు పెట్టేవాళ్ళు, అలాంటి ముడతల మొహం దుంప తాలూకు అచ్చు ఒకటి ఐర్లాండ్ మేయో కౌంటీలో ఉన్న నేషనల్ మ్యూజియం శాఖలో ఇప్పటికీ పెట్టారు, ఫొటో చూస్తే మన నవ్వు మొహం గుమ్మడికాయలు సిగ్గుపడాలి, అంత భయంగా ఉంటుంది. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకి తెగులొచ్చి కరువు పడితే లక్షలమంది ఓడలెక్కి అమెరికా వచ్చారు, వాళ్ళతో పాటు ఈ అలవాట్లూ బలంగా వచ్చాయి. ఇక్కడ గుమ్మడి ఈ నేల పంట, సైజు పెద్దది, టర్నిప్ కంటే తొలవడం వంద రెట్లు తేలిక, కాబట్టి దుంప పోయి కాయ వచ్చింది. టర్నిప్ ఎంత గట్టిదో ఒకసారి స్పూన్‌తో తొలిచి చూడండి, అర్థమవుతుంది.

చెక్కేది పండక్కి రెండు రోజుల ముందు చాలు, కోసిన కాయ ఇంట్లో వెచ్చగా ఉంటే మూడు నాలుగు రోజులకే లోపల బూజు పట్టి మొహం లోపలికి కుంగిపోతుంది. చాలామంది తొడిమ చుట్టూ గుండ్రంగా కోసి మూతలా తీస్తారు, అప్పుడు కత్తిని నిటారుగా కాకుండా లోపలికి ఏటవాలుగా పట్టుకుని కొయ్యాలి, లేదంటే మూత లోపలికి జారిపడిపోతుంది. కింద నుంచి కోస్తే ఇంకా నయం, దీపాన్ని కింద పెట్టి కాయని పైనుంచి బోర్లించేస్తే సరిపోతుంది. తర్వాత పిల్లల పని. పాత పేపర్లు పరిచి, పెద్ద స్పూన్లిచ్చి కూచోబెట్టండి. మా చిన్నోడికి మొదట చెయ్యి పెట్టడానికి అసహ్యం, లోపల చల్లగా, తడిగా, పీచు పీచుగా ఉంటుంది, పచ్చి దోసకాయకీ తడి మట్టికీ మధ్య ఏదో వాసన, గింజలు పట్టుకుంటే వేళ్ళ మధ్య నుంచి జారి టైల్స్ మీద ఎక్కడో తేలతాయి. ఒక్క గింజ జారి నానమ్మ ఒళ్ళో పడేసరికి నవ్వు మొదలైంది, ఆ తర్వాత మోచేతి దాకా లోపలికి పెట్టేశాడు. మొహం వచ్చే వైపు గోడని అంగుళం మందం మిగిలేదాకా గీకాలి, అంతకంటే దళసరిగా ఉంటే కోతకి రాదు, వెలుగు కూడా సరిగా బయటికి రాదు.

మొహం గియ్యడం పిల్లలది, కొయ్యడం పెద్దవాళ్ళది, దీనికి మాత్రం బేరం లేదు. వంటింటి పెద్ద కత్తి అస్సలు వాడకండి, తడిచేతుల్లో జారి గట్టి తొక్కలో ఇరుక్కుంటుంది, మనం బలమంతా పెట్టి లాగితే అవతల చెయ్యి తెగుతుంది. షాపుల్లో రంపపు పళ్ళున్న చిన్న కత్తులు అమ్ముతారు, మెల్లగా కోసుకుంటూ పోవాలి. పెద్దది గీసిన కోరలు ఒక్కోటి అగ్గిపుల్లంత సన్నం, అవి నిలబడవే అంటే వినదు, కోస్తుంటే రెండు విరిగిపోయాయి, టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టాం, బోసినోటి దయ్యం బాగుందని నానమ్మ సర్టిఫికెట్ ఇచ్చారు. లోపల నిజం కొవ్వొత్తి పెట్టకండి, చిన్న బ్యాటరీ దీపం చాలు. గుమ్మం దగ్గర నేల మీద మంట, దాని పక్కనుంచి జీరాడే గౌన్లు, నైలాన్ రెక్కలు, పీచు విగ్గులు వేసుకుని పదుల సంఖ్యలో పిల్లలు వస్తూ పోతూ ఉంటారు, ఇంక నేను చెప్పక్కర్లేదు.

కాస్త పెద్ద పిల్లలకి ఇంకో ఆట ఉంది, గిన్నెల్లో ఉడికించి చల్లార్చిన నూడుల్స్ అంటే పురుగులు, తొక్క తీసిన ద్రాక్షపళ్ళంటే కళ్ళు, గిన్నె మీద గుడ్డ కప్పి చెయ్యి మాత్రం లోపల పెట్టి కనుక్కోమనడం. మా పెద్దదానికి ఇందులో మజా చెయ్యి పెట్టడంలో లేదు, పెట్టించడంలో ఉంది, అవతలివాళ్ళ మొహాలు చూడ్డానికే ఆడుతుంది. ద్రాక్షపళ్ళు తర్వాత చిన్నవాళ్ళ నోట్లోకి పోకుండా చూడండి, పోయేట్టుంటే నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యండి. నీళ్ళ టబ్బులో తేలే ఆపిల్‌ని చేతులు కట్టుకుని నోటితో అందుకోవడం ఐర్లాండ్ నుంచి వచ్చిన పాత ఆట, అందరి ఎంగిలీ ఒకే టబ్బులో అని మేం దారానికి వేలాడదీసి ఆడతాం. పొగలు రావాలని కొంతమంది డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ తెస్తారు, అది మైనస్ 78 డిగ్రీల చలిలో ఉంటుంది, చర్మానికి తగిలితే కాలినట్టే అవుతుంది, మూసిన సీసాలో వేస్తే పేలుతుంది, తలుపులేసిన చిన్నగదిలో గాలి చాలకుండా చేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లోకి అది రావాల్సిన అవసరం నాకైతే కనపడలేదు.

చీకటి పడ్డాక పిల్లలకి బయట తిరగడం కంటే నచ్చే పని ఒకటుంది, తలుపు దగ్గర డ్యూటీ. ఇక్కడ రాయకుండానే అందరూ పాటించే రూలేంటంటే వరండా లైట్ వెలుగుతుంటే రావచ్చని, ఆరి ఉంటే ఆ ఇంటి జోలికి పోకూడదని. బెల్ మోగగానే మా చిన్నోడు పులి తోక ఊపుకుంటూ వెళ్ళి గిన్నె రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటాడు, వచ్చినవాళ్ళు తనకంటే చిన్నవాళ్ళైతే రెండిస్తాడు, పెద్దవాళ్ళైతే ఒకటిచ్చి కదలకుండా చూస్తాడు. ఎవరి మాస్క్ చూసైనా భయమేస్తే తలుపు వాడి చేతిలోనే ఉంది కదా, నా వెనక్కి వచ్చేస్తాడు, మళ్ళీ బెల్ మోగితే మళ్ళీ పోతాడు. రాత్రి ఎనిమిదైతే మేం లైట్ ఆర్పేస్తాం.

చాక్లెట్ గిన్నె పక్కన ఇంకో చిన్న గిన్నె పెట్టండి, పెన్సిళ్ళు, స్టిక్కర్లు, బుల్లి బంతులు అలాంటివి. పల్లీలు, పాలు, గుడ్లు పడని పిల్లలు ఎంతమందో ఉన్నారు, ఊరంతా తిరిగి సంచి నింపుకుని ఇంటికెళ్ళి అందులో ఒక్కటీ తినలేకపోవడం అంటే ఎలా ఉంటుందో ఊహించండి. టెనెసీలో మొదలైన ఆలోచన ఒకటి 2014 నుంచి దేశమంతా పాకింది, గుమ్మంలో నెమలి నీలం ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయ కనపడితే ఈ ఇంట్లో తిండి కాకుండా వేరే వస్తువు కూడా ఇస్తారని గుర్తు. మాకు వచ్చేవాళ్ళలో ఒక పాప ఉంది, ఆ రంగు కాయ చూడగానే వాళ్ళమ్మ వైపు తిరిగి కళ్ళతోనే అడుగుతుంది, ఆవిడ తలూపగానే స్టిక్కర్ల గిన్నెలో చెయ్యి పెడుతుంది. ఆ గిన్నెకి ఖర్చు కూడా పెద్దగా ఉండదు, మిగిలినవి వచ్చే ఏడాదికి పాడవ్వవు.

గ్లో స్టిక్కులు, అంటే చీకట్లో వెలిగే ప్లాస్టిక్ కడ్డీలు, పిల్లలు కొరక్కుండా చూడండి, లోపలి ద్రవం చేదు, నోరూ కళ్ళూ మండుతాయి, నీళ్ళతో బాగా కడగాలి. టీనేజ్ పిల్లలు పిల్లికళ్ళ కాంటాక్ట్ లెన్సులు అడిగితే కళ్ళ డాక్టర్ చీటీ లేకుండా కొనకండి, ఇక్కడ అలా అమ్మడమే చట్టవిరుద్ధం. ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్ల సంచి అందని ఎత్తులో పెట్టండి, చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని మనం అరిగించుకున్నట్టు కుక్క అరిగించుకోలేదు, నల్ల చాక్లెట్ ఇంకా ప్రమాదం.

మన పిల్లలకి ఈ పండగ ఎందుకు, దయ్యాల్ని ఇంట్లోకి పిలవడం ఏంటి అనేవాళ్ళు కూడా ఉన్నారు, మా చుట్టాల్లోనే ఉన్నారు. పంట ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే రాత్రి పోయినవాళ్ళ లోకానికీ మన లోకానికీ మధ్య తెర పలచబడుతుందని ఐర్లాండ్ వైపు పూర్వం నమ్మేవాళ్ళు, తర్వాత క్రైస్తవులకి నవంబర్ 1 సెయింట్లందరి పండగ అయింది, దాని ముందురోజు సాయంత్రం ఇది. ఇప్పుడు ఇక్కడి ఇళ్ళల్లో మిగిలింది మాత్రం వేషాలూ, చాక్లెట్లూ, పిల్లల కేకలూ. నమ్మకాల ప్రకారం వద్దనుకునేవాళ్ళు ఇక్కడివాళ్ళలోనూ బోలెడుమంది, వాళ్ళు వరండా లైట్ ఆర్పేసుకుంటారు, ఎవరూ వెళ్ళి ఎందుకు ఆర్పావని అడగరు. నాకు అభ్యంతరం ఇంకో చోట ఉంది, మనిషి పక్కనుంచి పోతే చాలు కీచుమని అరుస్తూ లేచే ప్లాస్టిక్ శవాలు, గాలి నింపిన రాక్షసులు, ఏటా కొత్తవి కొని ఏటా చెత్తలో వెయ్యడం. దుప్పటీ టార్చీ ఇంట్లోనే ఉన్నాయి కదా.

నవంబర్ 1న గుమ్మడికాయని వరండాలో కుళ్ళనివ్వకండి, లోపలి దీపం తీసేసి కంపోస్ట్‌లో వెయ్యండి, రంగు వేసినవీ గ్లిట్టర్ పూసినవీ అందులో పనికిరావు. చెత్త బండికి వేస్తే ఆ గుట్టల కింద గాలి ఆడక కుళ్ళి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అవుతుంది. చెక్కే రకం కాయ కూరకి బాగోదు, నీళ్ళ నీళ్ళగా పీచుగా ఉంటుంది, మా అత్తయ్య ఊరుకోలేక ఒకసారి వండి చూశారు, ఆవిడే మళ్ళీ అడగలేదు. గింజలు మాత్రం కడిగి, బాగా ఆరబెట్టి, కాస్త నూనె, ఉప్పు పట్టించి ఓవెన్లో సన్నసెగన చిటపటలాడేదాకా వేయిస్తే వారమంతా తినొచ్చు.

చివరిగా మీకో విన్నపం. అక్టోబర్ చివర్లో ఆ బ్లేడ్ల వార్త మీ డెస్క్ దాకా వస్తే దాన్ని పక్కనపెట్టి, ఆ చోట్లో ఇక్కడ కార్లు నడిపే మన తెలుగువాళ్ళ కోసం రెండు లైన్లు వెయ్యండి, 31 సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కాలనీ వీధుల్లో మెల్లగా పొమ్మని, ఆగి ఉన్న కారు పక్కనుంచి వెళ్ళేటప్పుడు కాలు బ్రేక్ మీద ఉంచుకోమని, ఒక పిల్ల రోడ్డు దాటితే వెనకాల ఇంకో పిల్ల ఉందనుకుని ఆగమని.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
అమెరికా